స్టాక్ కార్ రేసులకు పంచాంగం రాసిన బిల్ ఫ్రాన్స్

అమెరికాలో నాస్కార్ ప్రధాన సిరీస్ ఏటా ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని డేటోనాలో మొదలై నవంబర్‌లో ముగుస్తుంది. ఈ తొమ్మిది నెలల్లో పాయింట్లు లెక్కకు వచ్చే రేసులు 36. ఏ వారం ఏ ఊళ్లో పోటీ, ఏ సెలవు దినానికి ఏ ట్రాక్, ఎవరికి ఒక తేదీ, ఎవరికి రెండు అన్న ప్రశ్నలపై అక్కడ అభిమానులు ఏడాది పొడవునా వాదించుకుంటారు. కోర్టు మెట్లెక్కిన వివాదాలూ ఉన్నాయి. ఆ క్యాలెండర్‌లో చోటు దక్కిన ఊరికి వేలమంది వస్తారు, చోటు పోయిన ట్రాక్‌లో గడ్డి మొలుస్తుంది.

ఈ క్యాలెండర్‌కు తొలి రూపం ఇచ్చిన వ్యక్తి విలియం హెన్రీ గెట్టీ ఫ్రాన్స్. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు వల్ల బిగ్ బిల్ అన్న పేరు ఆయనకు స్థిరపడింది. మెకానిక్‌గా, పెట్రోల్ బంకు యజమానిగా, ఓ మోస్తరు డ్రైవర్‌గా జీవితం మొదలుపెట్టిన ఆయన, చెల్లాచెదురుగా జరిగే పోటీలను ఒక పట్టికలోకి చేర్చి జాతీయ క్రీడగా నిలబెట్టారు. అదే పట్టికను ఆయుధంగా వాడి ఎదురు తిరిగినవారిని అణచినదీ ఆయనే. ఆయన జీవిత కథలో ఈ రెండు ముఖాలూ విడదీయరానివి.

వాషింగ్టన్ నుంచి సముద్ర తీరానికి

బిల్ ఫ్రాన్స్ 1909 సెప్టెంబర్ 26న వాషింగ్టన్‌లో జన్మించారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. కుర్రవాడికి చదువు కన్నా మోటార్ల మీదే మక్కువ. మేరీల్యాండ్‌లోని లారెల్‌లో చెక్క పలకలతో కట్టిన రేసు ట్రాక్ ఉండేది. ఇంట్లోని ఫోర్డ్ మోడల్ టి కారును తీసుకుపోయి ఆ పలకల మీద తిప్పి, ఏమీ ఎరగనట్టు తిరిగి తెచ్చి పెట్టేవారు. టైర్లు అంత త్వరగా ఎందుకు అరుగుతున్నాయో తండ్రికి చాలాకాలం అంతుబట్టలేదట.

1931లో నర్సుగా పనిచేస్తున్న యాన్ బ్లెడ్సోతో వివాహమైంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో, చలి దేశం వదిలి, భార్యతోనూ పసివాడైన బిల్ జూనియర్‌తోనూ దక్షిణాదికి బయలుదేరిన ఆయన 1930ల మధ్యలో డేటోనా బీచ్‌లో స్థిరపడ్డారు. ఆ ఊరి ఇసుక తీరం గట్టిగా, చదునుగా, మైళ్ల పొడవునా ఉంటుంది. ప్రపంచ వేగ రికార్డుల కోసం ప్రయత్నించేవారంతా అక్కడికే వచ్చేవారు. 1935 మార్చిలో బ్రిటన్‌కు చెందిన మాల్కం క్యాంప్‌బెల్ గంటకు 276 మైళ్ల వేగం సాధించింది ఆ ఇసుక మీదే. అయితే అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన యూటా రాష్ట్రంలోని బొన్నెవిల్ ఉప్పు మైదానానికి వెళ్లి 300 మైళ్ల గీత దాటడంతో, రికార్డుల కారవాన్ శాశ్వతంగా అటు తరలిపోయింది. శీతకాలపు సందర్శకుల మీద బతికే డేటోనాకు కొత్త ఆకర్షణ కావలసి వచ్చింది.

అలలు నిర్ణయించిన తేదీలు

నగర పాలకులు 1936 మార్చి 8న స్టాక్ కార్ల రేసు ఏర్పాటు చేశారు. స్టాక్ కారు అంటే పోటీ కోసం ప్రత్యేకంగా తయారైనది కాదు, షోరూంలో ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు కారు. సగం ఇసుక తీరం, సగం దాని పక్కనే ఉన్న తారు రోడ్డు కలిపి 3.2 మైళ్ల చుట్టుగా ట్రాక్ గీశారు. మలుపుల్లో ఇసుక గోతులు పడి కార్లు కూరుకుపోయాయి. రేసును నిర్ణీత దూరం కన్నా ముందే ఆపవలసి వచ్చింది. మిల్ట్ మేరియన్ విజేత. బిల్ ఫ్రాన్స్ అయిదో స్థానంలో నిలిచారు. నగరానికి భారీ నష్టం మిగిలింది. మరుసటి ఏడాది నిర్వహణ చేపట్టిన స్థానిక ఎల్క్స్ క్లబ్‌కూ లాభం రాలేదు.

1938లో ఆ బాధ్యతను స్థానిక రెస్టారెంట్ యజమాని చార్లీ రీస్‌తో కలిసి ఫ్రాన్స్ తీసుకున్నారు. ఆ ఏడాది నిర్వహించిన రెండు రేసులూ లాభం చూపించాయి. తీరం మీద రేసు నడిపేవాడికి తేదీ, వేళ తన చేతిలో ఉండవు. సముద్రం వెనక్కి తగ్గి ఇసుక బయటపడే గంటలు ఎప్పుడో ముందుగా చూసుకుని, ఆ నడుమనే పోటీ ముగించాలి. ఉత్తరాది మంచులో మునిగి ఉండగా సందర్శకులు ఫ్లోరిడాకు చేరే వారాలు ఏవో తెలిసి ఉండాలి. ప్రకృతికీ, జనం రాకకూ పొత్తు కుదిరిన రోజే రేసు రోజు అన్న పాఠం ఆయన ఇక్కడ నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆయన వేసిన ప్రతి పట్టికలోనూ ఆ పాఠం కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం 1942లో రేసులను ఆపేసింది. యుద్ధకాలంలో ఫ్రాన్స్ డేటోనా పడవల కర్మాగారంలో జలాంతర్గాములను వేటాడే నౌకల తయారీలో పనిచేశారు.

మేడ మీద నాలుగు రోజులు

యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో రేసులు వెల్లువెత్తాయి. దొంగసారా రవాణా కోసం వేగంగా నడిచేలా మార్చిన కార్లు, వాటిని నడిపి ఆరితేరిన యువకులు ఆ మట్టి ట్రాక్‌లకు ప్రాణం పోశారు. కానీ ఒకచోటి నియమం మరోచోట చెల్లదు. ఒకే ఆదివారం పక్కపక్క జిల్లాల్లో రెండు పోటీలు పెట్టుకుని ఇద్దరు నిర్వాహకులూ నష్టపోయేవారు. టికెట్ల డబ్బు మూటగట్టుకుని బహుమతి ఇవ్వకుండా పరారైనవారూ ఉన్నారు. జాతీయ చాంపియన్ అని చెప్పుకొనేవారు మాత్రం ఊరికొకరు.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఈ పోటీలను తన గొడుగు కిందికి తీసుకోవడానికి ఇష్టపడలేదు. దాంతో ఫ్రాన్స్ స్వయంగా ఒక సర్క్యూట్ నడిపారు. 1947లో ఫాంటీ ఫ్లాక్ దాని చాంపియన్. ఆ అనుభవంతో 1947 డిసెంబర్ 14న డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్ పై అంతస్తులోని బార్‌లో నిర్వాహకులు, మెకానిక్‌లు, డ్రైవర్లు కలిపి సుమారు 35 మందిని సమావేశపరిచారు. నాలుగు రోజుల చర్చల తర్వాత నేషనల్ అసోసియేషన్ ఫర్ స్టాక్ కార్ ఆటో రేసింగ్, అంటే నాస్కార్, రూపుదిద్దుకుంది. పేరు సూచించింది ప్రసిద్ధ మెకానిక్ రెడ్ వోట్. 1948 ఫిబ్రవరి 21న సంస్థ నమోదైంది. అది సభ్యుల సంఘంగా కాక ప్రైవేటు కంపెనీగా నమోదు కావడం, దాని పగ్గాలు ఫ్రాన్స్ చేతిలో ఉండడం తదుపరి చరిత్రనంతా నిర్ణయించింది. ఖాతాలు, నగదు వ్యవహారాలు యాన్ ఫ్రాన్స్ చూసుకునేవారు.

కొత్త కార్ల పోటీ 1949లో గానీ సాధ్యపడలేదు. యుద్ధానంతరం కొత్త కార్ల కొరత అంతగా ఉండేది. ఆ ఏడాది జూన్ 19న షార్లెట్‌లో తొలి స్ట్రిక్ట్లీ స్టాక్ రేసు జరిగింది. ముందుగా గీత దాటిన గ్లెన్ డనవే కారు వెనుక స్ప్రింగులను మార్చినట్టు తనిఖీలో తేలడంతో, విజయం జిమ్ రోపర్‌కు దక్కింది. కారు యజమాని కోర్టుకెక్కినా తీర్పు నాస్కార్ పక్షాన వచ్చింది. జూన్‌లో మొదలై అక్టోబర్ 16న నార్త్ విల్క్స్‌బరోలో ముగిసిన ఆ తొలి సీజన్‌లో రేసులు ఎనిమిదే. రెడ్ బైరన్ చాంపియన్. మరుసటి ఏడాది రేసులు 19కి, 1951లో 41కి పెరిగాయి.

పాయింట్లే పగ్గాలు

విడివిడి రేసులు సీజన్‌గా మారాలంటే వాటిని కలిపే దారం కావాలి. ఆ దారం పాయింట్ల పట్టిక. ఈ వారం గెలిచినవాడు వచ్చే వారం కూడా రావడానికి అదే కారణం. అయితే దారం పట్టుకున్న చెయ్యి దాన్ని బిగించనూ గలదు.

1950లో లీ పెట్టీ నాస్కార్ అనుమతి లేని పోటీలో పాల్గొన్నారు. శిక్షగా ఆయన ఖాతాలోంచి 809 పాయింట్లు తొలగించారు. అవి మిగిలి ఉంటే ఆ ఏటి చాంపియన్‌షిప్ ఆయనదే. అది బిల్ రెక్స్‌ఫర్డ్‌కు వెళ్లింది. అదే తప్పుకు రెడ్ బైరన్ పాయింట్లకూ కోత పడింది. తన పట్టికలో లేని తేదీన మరొకరి ట్రాక్ మీద కారు నడపకూడదన్నది ఫ్రాన్స్ నియమం. డ్రైవర్ల దృష్టిలో అది బతుకుదెరువుకు అడ్డు. ఫ్రాన్స్ దృష్టిలో, ప్రధాన డ్రైవర్లు ఏ ఆదివారం ఎక్కడ ఉంటారో ప్రేక్షకుడికి హామీ ఇవ్వలేని క్రీడ నిలవదు. ఈ వాదన ఆయన తరంలో తేలలేదు.

సెలవు దినాలకు కట్టిన రేసులు

ఫ్రాన్స్ క్యాలెండర్‌లో బలమంతా కొన్ని స్థిరమైన తేదీలదే. మొదటిది డార్లింగ్టన్. సౌత్ కరోలినాలోని ఆ ఊళ్లో హెరాల్డ్ బ్రేసింగ్టన్ అనే వ్యాపారి తారు వేసిన 1.25 మైళ్ల ట్రాక్ కట్టి, 500 మైళ్ల రేసు ప్రకటించారు. తొలుత మరో సంఘంతో ఒప్పందం చేసుకున్నా, తగినన్ని కార్లు రాక నాస్కార్ సాయం కోరారు. 1950 సెప్టెంబర్ 4న, లేబర్ డే సోమవారం, 75 కార్లతో సదరన్ 500 జరిగింది. ఆరున్నర గంటలు సాగిన ఆ పోటీలో, బరువైన కార్లు టైర్లు పేల్చుకుంటుండగా, తేలికైన ప్లిమత్‌ను నిదానంగా నడిపిన జానీ మాంట్జ్ గెలిచారు. ఆ కారు యజమానుల్లో ఫ్రాన్స్ కూడా ఒకరు. వేసవి ముగింపు సెలవు నాడు డార్లింగ్టన్‌కు వెళ్లడం దక్షిణాది కుటుంబాలకు ఆనవాయితీ అయింది.

1951లో డెట్రాయిట్ నగరం 250వ జన్మదినం జరుపుకొంటున్న వేళ అక్కడి ప్రదర్శనశాల మైదానంలో 250 మైళ్ల రేసు పెట్టారు. కార్ల కంపెనీల అధిపతులు నివసించే ఊరది. తమ కార్లు గెలవడమో ఓడడమో వారు కళ్లారా చూశారు. క్రైస్లర్ కారుతో టామీ థాంప్సన్ గెలిచారు. కంపెనీలు రేసుల వైపు మొగ్గడంలో ఆ ఒక్క తేదీ పాత్ర చిన్నది కాదు.

అన్నిటికన్నా పెద్ద పందెం డేటోనా. తీరం మీద చివరి రేసు 1958లో జరిగింది. పెరుగుతున్న హోటళ్ల నడుమ ఇసుక మీద పోటీ ఇక సాగదని గ్రహించిన ఫ్రాన్స్, ఊరి వెలుపల 2.5 మైళ్ల మహా ట్రాక్ నిర్మాణానికి పూనుకున్నారు. టెక్సాస్ సంపన్నుడు క్లింట్ మర్చిసన్ జూనియర్ సాయం చేశారు. మలుపులను 31 డిగ్రీల వాలుతో లేపడానికి తవ్విన మట్టి గుంతే నేడు ట్రాక్ మధ్యలోని లాయిడ్ సరస్సు. 1959 ఫిబ్రవరి 22న తొలి డేటోనా 500కు 40 వేలకు పైగా జనం వచ్చారు. లీ పెట్టీ, జానీ బోషాంప్ దాదాపు ఒకేసారి గీత దాటారు. ముందు బోషాంప్‌ను విజేతగా ప్రకటించినా, ఫొటోలు, ఫిల్ములు పరిశీలించి మూడు రోజుల తర్వాత పెట్టీ గెలిచినట్టు తేల్చారు. ఆ మూడు రోజులూ దేశంలోని పత్రికలు డేటోనా పేరు రాస్తూనే ఉన్నాయి.

అదే ఏడాది జులై 4న, స్వాతంత్ర్య దినోత్సవాన, అక్కడే మరో రేసు పెట్టారు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన వానలు కురుస్తాయి. అందుకే ఆ రేసు పొద్దుటే మొదలుపెట్టడం ఆచారమైంది. పోటీ ముగించుకుని జనం సముద్ర స్నానానికి వెళ్లే వీలుండేది. 1961 నుంచి మే నెలాఖరు మెమోరియల్ డే వారాంతం షార్లెట్‌లోని 600 మైళ్ల రేసుకు స్థిరపడింది. ఇండియానాపొలిస్ 500కు తరతరాలుగా చెందిన సెలవు అది. 1954లో ఇండియానాపొలిస్ గ్యారేజీ ప్రాంతం నుంచి ఫ్రాన్స్‌ను అధికారులు బయటకు పంపించారు. ఏడేళ్లు తిరిగేసరికి ఆ సెలవులో దక్షిణాది తన వాటా తీసుకుంది.

62 రేసుల ఏడాది

స్థిరమైన తేదీల మధ్య ఖాళీలను ఎలా నింపాలన్నది ఏ క్యాలెండర్‌కైనా కఠిన ప్రశ్న. అడిగిన ప్రతి ట్రాక్‌కూ తేదీ ఇచ్చుకుంటూ పోవడం ఫ్రాన్స్ మొదటి జవాబు. 1964 సీజన్‌లో ఏకంగా 62 రేసులు జరిగాయి. నాస్కార్ అగ్రశ్రేణిలో అదే అత్యధికం. సీజన్ ముందటి ఏడాది నవంబర్‌లోనే మొదలైంది. వారం మధ్యలో చిన్న ఊళ్లలో వంద మైళ్ల రేసులు, వారాంతంలో పెద్దవి, జులైలో ఉత్తరాది పర్యటన. మెకానిక్‌లు కారును లారీకో వ్యానుకో కట్టుకుని రాత్రంతా ప్రయాణించేవారు. సంపన్న జట్లు చిన్న రేసులు వదిలేసేవి. పేద జట్లు పాయింట్ల కోసం, పెట్రోల్ ఖర్చుల కోసం అన్నిటికీ వెళ్లేవి.

ఆ సీజన్‌లో 1963 డిసెంబర్ 1న జాక్సన్‌విల్‌లో నల్లజాతి డ్రైవర్ వెండెల్ స్కాట్ గెలిచారు. కానీ ఆ సాయంత్రం ట్రోఫీ బక్ బేకర్‌కు ఇచ్చారు. లెక్కల పొరపాటని తర్వాత అంగీకరించినా, గెలుపు వేదిక మీద నిలబడే క్షణం స్కాట్‌కు దక్కలేదు. జాతి వివక్షను సమర్థించిన అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్‌కు ఫ్రాన్స్ రాజకీయంగా మద్దతుగా నిలిచిన సంగతీ ఆయన జీవితంలో దాచలేని భాగం.

అదే ఏడాది జో వెదర్లీ, ఫైర్‌బాల్ రాబర్ట్స్, జిమ్మీ పార్డ్యూ ప్రమాదాలకు బలయ్యారు. కార్ల వేగం టైర్ల శక్తిని, భద్రతా ఏర్పాట్లను దాటిపోయిందని డ్రైవర్లు భయపడసాగారు.

డ్రైవర్లతో పోరు

డ్రైవర్లు సంఘటితం కావడాన్ని ఫ్రాన్స్ ఎన్నడూ సహించలేదు. 1961లో టీమ్‌స్టర్స్ కార్మిక సంఘంతో చేతులు కలిపిన కర్టిస్ టర్నర్, టిమ్ ఫ్లాక్‌లపై జీవితకాల నిషేధం విధించారు. 1965లో క్రైస్లర్ పోటీల నుంచి తప్పుకోవడంతో రిచర్డ్ పెట్టీ వంటి తారలు కనుమరుగై, ప్రేక్షకుల సంఖ్య పడిపోయింది. అప్పుడు టర్నర్‌పై నిషేధం ఎత్తేశారు. పట్టికలో తేదీలు ఎన్ని ఉన్నా, ఆ తేదీన చూడదగిన మనిషి లేకపోతే జనం రారని ఆయనకు తెలిసివచ్చింది.

1969లో అలబామాలోని టల్లడేగాలో డేటోనా కన్నా పెద్ద ట్రాక్ తెరిచారు. పొడవు 2.66 మైళ్లు, వాలు 33 డిగ్రీలు. సెప్టెంబర్ 14 తొలి రేసుకు ముందు సాధనలో టైర్లు చీలికలు పేలికలయ్యాయి. రిచర్డ్ పెట్టీ నాయకత్వంలో కొత్తగా ఏర్పడిన డ్రైవర్ల సంఘం వాయిదా కోరింది. ఫ్రాన్స్ అప్పటికి అరవయ్యో ఏట అడుగుపెట్టబోతున్నారు. ట్రాక్ సురక్షితమేనని చూపడానికి తానే కారెక్కి గంటకు 175 మైళ్ల దరిదాపుల్లో నడిపారు. డ్రైవర్లు ఒప్పుకోక వెళ్లిపోయారు. మిగిలినవారితో, చిన్న కార్ల శ్రేణి నుంచి తెచ్చినవారితో రేసు నడిచింది. రిచర్డ్ బ్రిక్‌హౌస్ గెలిచారు. టికెట్ కొన్నవారికి దాన్ని మరో రేసుకు వాడుకునే వీలు కల్పించారు. తేదీ తప్పకుండా రేసు జరిపించి ఫ్రాన్స్ పంతం నెగ్గించుకున్నారు. సంఘం ఎక్కువ కాలం నిలవలేదు. కానీ టైర్ల గురించి డ్రైవర్ల భయం అకారణం కాదని ఆ సాధనే రుజువు చేసింది.

సగానికి కోత

1971లో అమెరికా టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు నిషిద్ధమయ్యాయి. ప్రచారానికి మరో దారి వెతుకుతున్న ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ విన్‌స్టన్ బ్రాండ్ పేరిట నాస్కార్‌కు ప్రాయోజకురాలైంది. ఆ ఏడాది 48గా ఉన్న రేసులు 1972కు 31 అయ్యాయి. 250 మైళ్ల కన్నా చిన్న రేసులు పట్టికలోంచి పోయాయి. మట్టి ట్రాక్‌లకు అప్పటికే చోటు లేదు, 1970 సెప్టెంబర్‌లో రాలీలో జరిగినదే ఆ కాలానికి చివరిది.

ఈ మార్పు వేళ, 1972 జనవరిలో, ఫ్రాన్స్ అధ్యక్ష పదవిని కుమారుడు బిల్ జూనియర్‌కు అప్పగించారు. తండ్రి విస్తరించిన పట్టికను కుమారుడు కుదించి నిలబెట్టారు. రేసులు తగ్గడంతో ప్రతి రేసుకూ ప్రధాన డ్రైవర్లంతా రావడం సాధ్యమైంది. 1975 నుంచి రేసు పెద్దదైనా చిన్నదైనా ఒకే పాయింట్ల విధానం వచ్చింది. 1982 నుంచి డేటోనా 500 సీజన్ తొలి రేసు అయింది. ఏడాదిలో అతి పెద్ద పోటీ చివర రావడం చాలా క్రీడల్లో ఆనవాయితీ కాగా, ఇక్కడ అది మొదటే వస్తుంది. శీతకాలపు సందర్శకులను నమ్ముకుని 1930లలో వేసిన లెక్కకు అది కొనసాగింపు.

ఈ కుదింపు మూల్యాన్ని చిన్న ఊళ్లు చెల్లించాయి. ఏటా ఒకట్రెండు రాత్రులు రిచర్డ్ పెట్టీని, డేవిడ్ పియర్సన్‌ను దగ్గరగా చూసిన జనానికి ఆ అవకాశం పోయింది. తొలినాళ్లలో ఫ్రాన్స్‌ను నమ్మి తమ మట్టి ట్రాక్‌లను నాస్కార్‌కు అప్పగించిన నిర్వాహకుల్లో చాలామంది పేర్లు ఆ తర్వాతి క్యాలెండర్లలో లేవు.

మిగిల్చిన ప్రశ్న

యాన్ ఫ్రాన్స్ 1992 జనవరిలో మరణించారు. అల్జీమర్స్ వ్యాధితో బాధపడిన బిల్ ఫ్రాన్స్ అదే ఏడాది జూన్ 7న ఫ్లోరిడాలోని ఆర్మండ్ బీచ్‌లో కన్నుమూశారు. ఆ రోజు ఆదివారం. క్యాలెండర్ ప్రకారం కాలిఫోర్నియాలోని సొనోమాలో రేసు జరిగింది. 2010లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి బృందంలో ఆయనకు, కుమారుడికి, రిచర్డ్ పెట్టీకి, డేల్ ఎర్న్‌హార్ట్‌కు, జూనియర్ జాన్సన్‌కు స్థానం లభించింది.

మంచి సీజన్ ఎలా ఉండాలన్న చర్చలో ఆయన అనుభవం నేటికీ కొలమానం. వాతావరణాన్ని ధిక్కరించకూడదు. సెలవు దినాలకు రేసులను శాశ్వతంగా ముడివేయాలి. జట్లు తట్టుకోగలిగినన్ని తేదీలే ఉండాలి. పెద్ద ట్రాక్, చిన్న ట్రాక్ రెండిటికీ చోటుండాలి. వీటిలో మొదటి రెండింటిని ఫ్రాన్స్ ఎవరికన్నా ముందు గ్రహించారు. మూడోది ఆలస్యంగా గానీ ఆయన సంస్థకు తలకెక్కలేదు. నాలుగోది నేటికీ తేలని లెక్క. తేదీలు పంచే సంస్థ, డేటోనా, టల్లడేగా ట్రాక్‌ల యాజమాన్యం ఒకే కుటుంబం చేతిలో ఉండడం న్యాయమా అన్న ప్రశ్న కూడా ఆయన హయాంలోనే పుట్టింది.

ఆనవాయితీని కాదన్నప్పుడు ఏమవుతుందో తర్వాతి చరిత్ర చూపింది. డార్లింగ్టన్ లేబర్ డే రేసును 2004లో కాలిఫోర్నియాకు మార్చారు. అభిమానుల అసంతృప్తి చల్లారలేదు. 2015లో ఆ తేదీ తిరిగి డార్లింగ్టన్‌కే వచ్చింది. 1949 తొలి సీజన్ ముగిసిన నార్త్ విల్క్స్‌బరో 1996 తర్వాత తన తేదీలను కొత్త పెద్ద ట్రాక్‌లకు పోగొట్టుకుని పాడుబడింది. స్థానికుల, అభిమానుల పట్టుదలతో, ప్రభుత్వ నిధులతో మరమ్మతులు జరిగి, 2023 మేలో ఆల్ స్టార్ రేసుతో నాస్కార్ ప్రధాన సిరీస్ మళ్లీ అక్కడికి చేరుకుంది.